పని లేనివారికి మాత్రమే

మేడికోట చారిత్రక నగరం. ఆ సంగతి ఊళ్లోకి వచ్చే నాలుగు దారుల్లోనూ పసుపు బోర్డుల మీద రాసి ఉంటుంది. కోట ఉంది. కోటలో పడిపోయిన గోడలున్నాయి. పడిపోయిన గోడల మీద ‘గోడలు పడగొట్టరాదు’ అన్న బోర్డులున్నాయి. చూడడానికి వచ్చినవాళ్లు ముప్పావుగంటలో అంతా చూసేసి భోజనాల వేళకు వేరే ఊరు వెళ్లిపోతున్నారని పైఅధికారులు చాలా ఏళ్లు బాధపడ్డారు. ఆ బాధలోంచి పుట్టిందే ‘ప్రశాంత పల్లె సైకిల్ మార్గం, నంబరు ఒకటి’. నంబరు రెండు ఇప్పటికీ లేదు.

దాని ప్రాజెక్టు డైరెక్టరు విద్యాధరరావు గారు. మనిషి చెడ్డవాడేమీ కాదు. ఏదో చల్లటి దేశానికి తొమ్మిది రోజులు అధ్యయన యాత్రకు వెళ్లినప్పుడు, అక్కడ పొలాల మధ్య సన్నటి దారుల్లో డెబ్బై ఏళ్ల ముసలివాళ్లు కూడా ఏ పనీ లేకుండా సైకిళ్లు తొక్కుతుంటే చూసి ఆయన చలించిపోయారు. మన దేశంలో ఎవరిని చూసినా ఏదో ఒక పని మీద పోతూ ఉంటారు, ఇదే మన వెనుకబాటుతనం అని తిరిగి వచ్చాక ఇచ్చిన నివేదికలో రాశారు.

దారి వెతకడానికి సర్వేవాళ్లు మూడు రోజులు మ్యాపులు పట్టుకుని తిరిగి, నాలుగో రోజు నల్లచెలమ అనే ఊళ్లో ఓదెలును పట్టుకున్నారు. నల్లచెలమ కోటకు తూర్పున పద్నాలుగు కిలోమీటర్లు. ఓదెలు ముప్పై ఒక్క ఏళ్లుగా పొద్దు పొడిచేసరికి చెరువులో వల తీసి, చేపల్ని తడి గోనెలో చుట్టి, సైకిల్ వెనక గంపలో పెట్టుకుని, ఎనిమిదింటికల్లా కోట తూర్పు దర్వాజా దగ్గర కూర్చునే మనిషి. వరిమళ్ల నడుమ నుంచి, సీతాఫలాల గుట్ట అంచు నుంచి, పాత రాతి వంతెన మీదుగా అతను పోయే దారి అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. సర్వేవాళ్లు అతన్ని ముందు పెట్టుకుని వెనక జీపులో వచ్చారు. అతను ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ ఎర్రజెండా పాతారు. అతను అలుపు తీర్చుకోవడానికి ఎక్కడ ఆగితే అక్కడ సిమెంటు బెంచీ వేయాలని రాసుకున్నారు. వంతెన దాటాక ఒకచోట అతను తుమ్మపొదల చాటుకు వెళ్లి వచ్చాడు. అక్కడ కూడా ఒక బెంచీ వచ్చింది.

నాలుగు నెలల్లో తారు పడింది. అంచుల వెంట ఆకుపచ్చ గీత గీశారు. గుంతలు లేని దారి మీద బండి దానంతటదే పోతుంటే ఓదెలుకు సర్కారు మీద గౌరవం పుట్టుకొచ్చింది. ఇంట్లో భార్య రాజవ్వతో రెండు రోజులు అదే మాట్లాడాడు. సోమవారం ప్రారంభోత్సవం జరిగింది. మంగళవారం పొద్దున ఊరి చివర అడ్డకర్ర కనిపించింది. దాని పక్కన నీలం చొక్కా వేసుకుని, చేతిలో రిజిస్టరుతో కొమురెల్లి నిలబడి ఉన్నాడు. కొమురెల్లిది అదే ఊరు. మిలిటరీలో పదిహేడేళ్లు చేసి వచ్చి, కొత్తగా ఈ గేటు కాపలాకు కుదిరాడు. వరసకు ఓదెలుకు బావ అవుతాడు.

“ఏడికి పోతున్నవ్ బావా?” అని అడిగాడు కొమురెల్లి.

రోజూ చూసే మనిషి అట్లా అడిగేసరికి ఓదెలుకు నవ్వొచ్చింది. “కోటకు. చేపలమ్మ.”

కొమురెల్లి అది రాసుకున్నాడు. రాసుకున్నాక మొహం చిన్నబుచ్చుకుని, ‘ప్రయోజనం’ అన్న గడిలో ఏదైనా రాయాల్సి వస్తే గేటు ఎత్తొద్దని తనకు ఆర్డరు ఉందని చెప్పాడు. పక్కనే ఉన్న బోర్డు చూపించాడు. ఏడో నిబంధన అందులో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉంది. ‘ఈ మార్గము కేవలము ఆహ్లాదార్థము సైకిలు తొక్కువారి కొరకు ఉద్దేశింపబడినది. ఏదేని పని నిమిత్తము ప్రయాణించువారు, ఆ పని ఎంత స్వల్పమైనదైనను, ప్రవేశార్హులు కారు.’

ఆ రోజు ఓదెలు హైవే మీద పోయాడు. తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ. ఒక లారీ అతన్ని రోడ్డు దింపితే ఇంకొక లారీ తిరిగి ఎక్కనివ్వలేదు. దర్వాజా చేరేసరికి పది దాటింది. కొనేవాళ్లు రవ్వ చేపల చెక్కిళ్లు ఎత్తి, లోపల ఎరుపు తగ్గిందని చూసి, దించేసి వెళ్లిపోయారు. ముప్పై ఒక్క ఏళ్లలో తన చేపను ఎవరూ అట్లా దించలేదు. ఆ అవమానం మోకాళ్ల నొప్పి కంటే ఎక్కువగా బాధించింది.

మర్నాడు పంచాయతీ సెక్రెటరీ సుచరిత దగ్గరికి వెళ్లాడు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. వచ్చిన ప్రతి సర్క్యులర్‌నూ చివరిదాకా చదివే మనిషి జిల్లా మొత్తం మీద ఆమె ఒక్కతేనని చెప్పుకుంటారు. నిబంధనల పుస్తకం తీసి చూసి, ‘ఆహ్లాద సైకిలిస్టు’గా నమోదు చేసుకుంటే గేటు ఎత్తుతారని, అందుకు డైరెక్టరు గారి ఎదుట ఇంటర్వ్యూకు పోవాలని చెప్పింది.

మొదటి ఇంటర్వ్యూ అర నిమిషంలో అయిపోయింది. సైకిల్ ఎందుకు తొక్కుతారని అడిగారు. చేపలమ్మడానికని చెప్పాడు. ‘దరఖాస్తుదారునకు స్పష్టమైన ఉద్దేశము కలదు’ అని రాసి తిప్పి పంపారు.

రాజవ్వ ఈ కథంతా విని, ఇంట్లో తను ఏ పని చెప్పినా ఎట్లా కూర్చుంటాడో అక్కడ కూడా అట్లాగే కూర్చోమని, అది కొత్తగా నేర్చుకోవలసిన విద్యేమీ కాదని సలహా ఇచ్చింది. రెండోసారి ఓదెలు ఆ ప్రకారమే కూర్చున్నాడు.

“మీరు సైకిల్ మీద ఎక్కడికి వెళ్తారు?” అన్నారు విద్యాధరరావు గారు.

“ఎటూ పోను సార్. ఊకెనె తొక్కుత.”

“మరి ఎక్కడ ఆపుతారు?”

“కోట దర్వాజా కాడ కాళ్లు గుంజుతయి సార్. గందుకు ఆగుత.”

డైరెక్టరు గారి మొహం విప్పారింది. అంతలో పక్కనున్న సభ్యుడు గంపలో చేపల సంగతేమిటని అడిగాడు. దీనికి ఓదెలు జవాబు తయారు చేసుకుని రాలేదు.

“అవి గూడ షికారుకే వస్తయి సార్” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, “ప్రాణంతో ఉంటాయా?” అని అడిగారు.

ఓదెలును బయట కూర్చోబెట్టి లోపల నలభై నిమిషాలు చర్చించారు. చచ్చిన చేప సరుకు కిందికి వస్తుందనీ, బతికున్న చేప ఆహ్లాదం పొందగల స్థితిలో ఉన్నందున దాన్ని సహయాత్రికురాలిగా పరిగణించవచ్చుననీ, ఒక సైకిలుకు ఆరుగురు సహయాత్రికులకు మించరాదనీ తేల్చారు. దరఖాస్తుతో పాటు స్థానిక పంచాయతీ నుంచి ‘పని లేని ధ్రువీకరణ పత్రం’ జత చేయాలన్నారు. సుచరిత విచారణ జరిపి, సాక్షి సంతకం తీసుకుని, ‘ఓదెలు అను వ్యక్తికి ఏ పనియు లేదు’ అని ధ్రువీకరించింది.

అప్పటి నుంచి రవ్వలు, బొచ్చెలు మానేసి ఓదెలు కొర్రమట్టల మీద పడ్డాడు. అవి మొండి ప్రాణులు. క్యాన్‌లో జానెడు నీళ్లు పోస్తే కోట దాకా నిక్షేపంగా వస్తాయి. రిజిస్టర్లో సహయాత్రికుల పేర్ల గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి, గేటు దగ్గర ఓదెలు తన అత్తగారి తరఫు వాళ్ల పేర్లు చెప్పేవాడు. కొమురెల్లి ఒక్కొక్కటే అచ్చులాంటి అక్షరాలతో రాసుకునేవాడు. మూడు బెంచీల దగ్గరా ఏడేసి నిమిషాలు కూర్చుని పరిసరాలను చూడాలన్న నియమం కూడా ఓదెలు పాటించాడు. మొదట్లో చూడడానికి ఏముందో అతనికి తెలియలేదు. తర్వాత తర్వాత ఎవరి మడిలో కలుపు పెరిగిందో లెక్కపెట్టుకుంటూ కాలక్షేపం చేశాడు.

నెల తిరిగేసరికి ఆడిట్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. సదరు ఓదెలుతో నూట యాభై ఆరుగురు నగరానికి వెళ్లగా ఒక్కరూ తిరిగి రాలేదు, వారేమయ్యారో సంజాయిషీ ఇవ్వవలసింది అని. సుచరిత ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ‘వారు నగరములోని వివిధ కుటుంబములలో కలిసిపోయినారు’ అని జవాబు రాసింది. ఆడిట్ వాళ్లు తృప్తిపడ్డారు.

ఓదెలు దారి చూసి ఊరంతా కదిలింది. నల్లచెలమలో పొలాలకు సైకిళ్ల మీద పోయే రైతులు నలభై మంది దాకా ఉన్నారు. వాళ్ల పొలాలన్నీ ఆ ఆకుపచ్చ గీత పొడవునే ఉన్నాయి. అందరూ పని లేని పత్రాలు తీసుకున్నారు. పొద్దున్నే గేటు దాటి, ఏ ఉద్దేశమూ లేని మొహాలతో తమ తమ పొలాల దాకా తొక్కి, అక్కడ పొరపాటున దిగి, పొరపాటున నీళ్లు మళ్లించి ఇంటికి వచ్చేవాళ్లు. నాలుగు ఊళ్లు తిరిగి కాన్పుల సంగతి చూసే ఆశా కార్యకర్త కూడా తనకు ఏ పనీ లేదని రాసి ఇచ్చింది. మార్గం మీద రోజుకు అరవై మంది ఆహ్లాదంగా తిరుగుతున్నారని పైకి నివేదిక వెళ్లింది. బయటి ఊళ్ల నుంచి వచ్చిన సైకిలిస్టులు మొదటి మూడు నెలల్లో పదకొండు మంది. దారిలో టీ దొరకదని తెలిశాక వాళ్లు కూడా రావడం మానేశారు. టీ అమ్మడం పని కదా.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే పని లేని పత్రం అడుగున సన్నటి అక్షరాల్లో ‘ప్రతులు సంబంధిత శాఖలకు’ అని ఉంది. సుచరిత ఏ ప్రతి ఎక్కడికి పంపాలో అక్కడికి పంపింది. పంపకుండా ఉండడం ఆమెకు చేతకాదు. రెండు నెలల తర్వాత ఆ కాగితాలన్నీ మేల్కొన్నాయి. రైతుల పేర్లు సబ్సిడీ ఎరువుల జాబితాలోంచి పోయాయి. ఓదెలుకు మత్స్య సహకార సంఘం నుంచి నోటీసు వచ్చింది. ఏ పనీ లేని వ్యక్తి మత్స్యకారుడు కాజాలడు కాబట్టి అతని సభ్యత్వం రద్దయిందని, చెరువులో వల వేయరాదని దాని సారాంశం. వల తీసుకుపోయి గట్టు మీది సొసైటీ గదిలో పెట్టి తాళం వేశారు.

మర్నాడు పొద్దున ఓదెలుకు ఏం చేయాలో తోచలేదు. అలవాటు కొద్దీ ఖాళీ క్యాన్ కట్టుకుని బయల్దేరాడు. కొమురెల్లి సహయాత్రికుల గడిలో సున్నా చుట్టి, గేటు ఎత్తి, సెల్యూట్ కొట్టాడు. గాలి చల్లగా ఉంది. వరి పొట్ట మీద ఉంది. గుట్ట మీంచి నెమలి అరిచింది. నిబంధనలు కోరినట్టే ఓదెలు ఆ రోజు ఏ పనీ లేకుండా సైకిల్ తొక్కాడు. వంతెన దగ్గర బెంచీ మీద కూర్చుంటే ఏడుపు వచ్చింది. ఏడు నిమిషాలూ అయిపోయాయి గానీ లేవాలనిపించలేదు. లేచి చేసేది ఏముంది?

అక్కడి నుంచి తిన్నగా డైరెక్టరు గారి ఆఫీసుకు పోయాడు. ఆయన ఓపిగ్గానే విన్నారు. ఓదెలు వరుసగా తొంభై రోజులు ఆహ్లాదం పొందిన ఏకైక సైకిలిస్టు అనీ, రికార్డుల ప్రకారం అతన్ని చూసి గర్వపడుతున్నాననీ చెప్పారు. మినహాయింపు మాత్రం కుదరదన్నారు.

“రూలు అందరికీ ఒకటేనయ్యా. నీకొక న్యాయం, నాకొక న్యాయం ఉండదు” అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

తిరిగి వస్తూ ఓదెలు గేటు దగ్గర ఆగి ఆ మాటే కొమురెల్లికి చెప్పాడు. ఎల్లుండి ఏదో అవార్డు వాళ్లు వస్తున్నారని, డైరెక్టరు గారు కూడా వాళ్లతో పాటు సైకిల్ మీద వస్తారని కొమురెల్లి అన్నాడు. ఎందుకొస్తున్నారు అని అడిగాడు ఓదెలు. అతను మామూలుగానే అడిగాడు. కొమురెల్లి మాత్రం రిజిస్టరు మూసి, బోర్డు మీది ఏడో నిబంధనను ఇంకోసారి చదువుకున్నాడు.

అవార్డు వాళ్లు ఐదుగురు వచ్చారు. అందరూ ఎప్పుడో పదవీ విరమణ చేసినవాళ్లు. వాళ్లకు పెద్ద ఒక పొడవాటి ఆవిడ. ఆమె బోర్డు ముందు నిలబడి ఏడో నిబంధనను మూడుసార్లు చదివి, ఇంత స్వచ్ఛమైన నిబంధన దేశంలో ఇంకెక్కడా చూడలేదన్నది. విద్యాధరరావు గారు హెల్మెటు, చేతులకు తొడుగులు, మోకాళ్లకు కవచాలు పెట్టుకుని వచ్చారు. ఆఫీసు ఆవరణలో పదిహేను రోజులు తెల్లవారగానే సైకిల్ నేర్చుకున్నారట. ఊరంతా గేటు దగ్గర మూగింది. శాలువాలు పట్టుకుని సుచరిత వచ్చింది. ఖాళీ క్యాన్‌తో ఓదెలు ఒక పక్కన నిలబడ్డాడు.

కొమురెల్లి రిజిస్టరు తెరిచాడు. ఐదుగురూ తమకు ఎక్కడా ఏ పనీ లేదనీ, ఎవరూ పంపలేదనీ, సరదాగా వచ్చామనీ చెప్పారు. గేటు ఎత్తాడు, దించాడు. తర్వాత డైరెక్టరు గారి వంతు వచ్చింది.

“ఎందుకొచ్చిండ్రు సార్?”

“ఎందుకేమిటి? తనిఖీకి.”

కొమురెల్లి రాసుకుని, కలం జేబులో పెట్టుకుని, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. “తనిఖీ పని గద సార్. పని మీదొచ్చినోళ్లకు గేటు ఎత్తొద్దని మీదే ఆర్డరు.”

డైరెక్టరు గారు అవతల నిలబడ్డ ఐదుగురి వంక చూశారు. ఆవిడ ఎంతో మెచ్చుకోలుగా కొమురెల్లిని చూస్తోంది. నిబంధన రాసినవాడే దాన్ని ఎట్లా పాటిస్తాడో చూడడమే తమకు ముఖ్యమని చెప్పింది. ఇక ఆయనకు దారి ఒక్కటే మిగిలింది. సుచరిత సంచీలో ఫారాలు ఎప్పుడూ ఉంటాయి. గేటు కర్ర మీదే కాగితం పెట్టి, ‘ప్రాజెక్టు డైరెక్టరు శ్రీ విద్యాధరరావు గారికి ఏ పనియు లేదని విచారించి తెలిసికొని ధ్రువీకరించడమైనది’ అని నింపింది. విచారించకుండా అట్లా రాయకూడదు కాబట్టి సాక్షి కోసం చుట్టూ చూసి ఓదెలును పిలిచింది.

“కాకా, ఈ సారు పని జేస్తుంటే నువ్వెప్పుడన్న చూసినవా?”

ఓదెలు అబద్ధం చెప్పదలచుకోలేదు. సర్వే నాటి నుంచి నిన్నటి దాకా ఒక్కొక్క రోజూ గుర్తు చేసుకున్నాడు.

“నేనైతె సూడలె బిడ్డా” అన్నాడు, సంతకం పెట్టాడు.

గేటు లేచింది. డైరెక్టరు గారు పద్నాలుగు కిలోమీటర్లూ తొక్కారు. రెండుసార్లే పడ్డారు. అవార్డు వచ్చింది, ఫొటో పేపర్లో పడింది. సుచరిత ఆ సాయంత్రమే ప్రతులు సంబంధిత శాఖకు పంపింది.

మూడు వారాలకు రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది. స్థానిక విచారణలో ఏ పనీ లేదని ధ్రువపడిన పోస్టును కొనసాగించుట సమంజసము కానందున దానిని రద్దు చేయడమైనదనీ, సదరు అధికారి తదుపరి పోస్టింగు కోసం వేచి ఉండవలెననీ అందులో ఉంది. కొమురెల్లి ఏం చేయాలో చెప్పమని ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాడు. మూడూ చిరునామాదారు లేరని తిరిగి వచ్చాయి. మూడోది తిరిగొచ్చిన రోజు అతను అడ్డకర్రను పైకెత్తి, తాడుతో చింతకొమ్మకు కట్టేసి, ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అని అట్ట మీద రాసి తగిలించాడు.

పని లేదని రాసిన అధికారే పని ఉందని రాస్తే చెల్లుతుందని సుచరిత పుస్తకంలో వెతికి పట్టుకుంది. పంచాయతీ ఆఫీసు ముందు రెండు రోజులు లైను కట్టి ఊరంతా మళ్లీ పనిలో పడింది. సొసైటీ గది తాళం తీసినప్పుడు ఓదెలు వలను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడని రాజవ్వ ఇప్పటికీ చెబుతుంది.

ఆ తర్వాత పది రోజులకో ఏమో, గంపలో రవ్వలతో, క్యాన్‌లో కొర్రమట్టలతో ఓదెలు కోటకు పోతున్నాడు. రాతి వంతెన దగ్గర ఒక మనిషి సైకిల్ పడుకోబెట్టి చైన్‌తో కుస్తీ పడుతున్నాడు. చేతుల నిండా మోచేతుల దాకా నల్లటి గ్రీజు. హెల్మెటు తీసి పక్కన పెట్టడం వల్ల ఓదెలు ఆయన్ని వెంటనే గుర్తుపట్టలేదు.

సైకిల్ దిగి, చైన్ ఎక్కించి, పెడలు తిప్పి చూపించాడు. సారు ఎక్కడికి పోతున్నారని అడిగాడు.

“ఎక్కడికీ లేదు” అన్నారు విద్యాధరరావు గారు. చేతుల గ్రీజు గడ్డికి తుడుచుకుంటూ, “పోస్టింగ్ వచ్చేదాకా పొద్దున పూట ఇంట్లో కూర్చోవాలంటే భయమేస్తోంది ఓదెలూ” అన్నారు.

ఆ మొహం ఎట్లాంటిదో ఓదెలుకు తెలుసు. క్యాన్‌లో చెయ్యి పెట్టి, బలంగా ఉన్న కొర్రమట్టను ఒకదాన్ని పట్టి తీశాడు. “వండుడు వస్తదా సార్?” అని అడిగాడు. రాదన్నారాయన. ఇంట్లోవాళ్లు పెళ్లికి ఊరెళ్లారని, వారమయిందని చెప్పారు.

ఓదెలు వంతెన గోడ మీది గరుకు రాయి మీద చేపను రుద్ది, జిగురు వదిలించి, ఎట్లా కోయాలో చూపించాడు. పులుసు మరిగేటప్పుడు గరిటె పెట్టకూడదనీ, గిన్నెనే పట్టుకుని తిప్పాలనీ చెప్పాడు. డైరెక్టరు గారు జేబులోంచి పుస్తకం తీసి నంబర్లు వేసుకుంటూ రాసుకున్నారు. రాసుకోవడం ఆపి తనే చేసి చూస్తానన్నారు. సగం రుద్దిన చేప ఆయన చేతిలోంచి జారి వాగులో పడింది. ఓదెలు ఇంకొకటి తీశాడు. అది కూడా పడింది. మూడోది నిలిచింది. నాలుగు ముక్కలు సమానంగా రాకపోయినా ఆయన వాటిని తామరాకులో పెట్టుకుని చాలా సేపు చూసుకున్నారు.

దర్వాజా చేరేసరికి తొమ్మిది కావస్తోంది. రోజూ మొదటి చేప తీసుకునే దర్జీ మస్తానమ్మ సంచీ పట్టుకుని ఎదురుచూస్తోంది. ఇంత పొద్దెక్కిందాకా ఏం చేస్తున్నావని గట్టిగానే అడిగింది.

“తొవ్వల జెర పని పడ్డదక్కా” అన్నాడు ఓదెలు. గంప దించి, గోనె తీసి, రవ్వ చెక్కిలి ఎత్తి ఆమెకు చూపించాడు.